ఏ పుస్తకం ముందు, పక్కన ఏ కాగితం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామంది అడిగింది ఒకటే: సొంతంగా పెట్టుబడి పెట్టుకునేవాళ్లు ఏ పుస్తకాలు చదవాలి? ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం. పుస్తకం పేరుతో పాటు, చదివేటప్పుడు పక్కన ఏ కాగితం పెట్టుకోవాలో కూడా చెప్తున్నాం. ఆ కాగితం లేకుండా చదివిన పెట్టుబడి పుస్తకం పది రోజుల్లో మరుపున పడుతుంది.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మ్యూచువల్ ఫండ్లో నెలకు పదివేలు సిప్ కడుతున్నాను. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు యాభై పుస్తకాల జాబితా చెప్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎన్ని చదివితే చాలు?
– ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: నాలుగు చాలు. ఏడాది పట్టినా ఫర్వాలేదు కానీ వరుస తప్పకండి.

మొదటిది మోనికా హలన్ రాసిన 'లెట్స్ టాక్ మనీ' (2018). మన దేశపు బీమా పాలసీలు, మన బ్యాంకులు, మన ఫండ్ల గురించి రాసిన పుస్తకం కాబట్టి దీన్ని ముందు పెట్టాం. షేర్ల జోలికి వెళ్లేముందు అత్యవసర నిధి, టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బిచ్చే, ప్రీమియం తక్కువుండే జీవిత బీమా), ఆరోగ్య బీమా ఎలా అమర్చుకోవాలో చెప్తుంది. చదివేటప్పుడు పక్కన మీ బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంట్లో ఉన్న బీమా బాండ్లు పెట్టుకోండి. ఒక్కో బాండు మీద రెండే అంకెలు చూడండి: ఏటా కడుతున్న ప్రీమియం, మీరు లేకపోతే ఇంటికి వచ్చే మొత్తం. ఏటా 30 వేలు కడుతున్నా వచ్చేది ఆరు లక్షలే అయితే, మీ జీతం కూడా ఏడాదికి ఆరు లక్షలే అయితే, ఇంటివాళ్లకు మిగిలేది ఒక్క ఏడాది గ్రాసం. అది తెలిశాక ముందు టర్మ్ పాలసీ తీసుకోండి. అది చేతికి వచ్చాకే పాత పాలసీ సంగతి ఆలోచించండి, ఈలోపు దాన్ని ఆపకండి.

రెండోది జాన్ బోగుల్ 'ది లిటిల్ బుక్ ఆఫ్ కామన్ సెన్స్ ఇన్వెస్టింగ్' (2007). వాన్‌గార్డ్ సంస్థ పెట్టి, 1976లో మామూలు మదుపరులకు ఇండెక్స్ ఫండ్ (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే అదే పాళ్లలో కొనే ఫండ్) తెచ్చినాయన. ఒకటే మాట అటు తిప్పి ఇటు తిప్పి చెప్తాడు: మీ రాబడిలోంచి ఖర్చులు తినేది మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. ఆయన అంకెలన్నీ అమెరికావి. ఖర్చు లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే కాబట్టి మీ సిప్ మీదే వేసి చూడండి. నెలకు 10,000 చొప్పున 20 ఏళ్లు, ఏటా 12 శాతం వస్తే దాదాపు 99.9 లక్షలు. అదే డబ్బు 11 శాతంతో పెరిగితే దాదాపు 87.4 లక్షలు. ఏటా ఒక్క శాతం ఖర్చుకు పోయినందుకు మీకు తగ్గేది పన్నెండున్నర లక్షలు.

దీని పక్కన పెట్టుకోవలసిన కాగితం మీ కాస్, అంటే అన్ని ఫండ్లనూ కలిపి ఈమెయిల్‌కు వచ్చే స్టేట్‌మెంట్. ఫండ్ పేరు చివర 'రెగ్యులర్' అని ఉందా, 'డైరెక్ట్' అని ఉందా చూడండి. రెగ్యులర్ అయితే అమ్మిన ఏజెంటు కమిషన్ ఏటా మీ డబ్బులోంచే పోతోంది. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి 1 నుంచి అందరికీ ఉన్నాయి. మారదామని అనుకున్నవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఆవేశంగా ఒక్కరోజులో అంతా మార్చేస్తారు. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారడమంటే పన్ను లెక్కలో అమ్మి కొన్నట్టే. ఈక్విటీ ఫండ్లో ఏడాది నిండని యూనిట్లకు లాభం మీద 20 శాతం, కొన్నిటికి ఎగ్జిట్ లోడ్ (తొందరగా బయటికొస్తే ఫండ్ కోసుకునే రుసుము) కూడా. కాబట్టి ముందు కొత్త సిప్‌ను డైరెక్ట్‌లో మొదలుపెట్టి పాతది ఆపండి. ఏడాది దాటిన యూనిట్లను మాత్రం కొద్దికొద్దిగా, ఒక ఆర్థిక సంవత్సరంలో లాభం 1.25 లక్షలు దాటకుండా మార్చుకోండి. ఆ హద్దు దాటిన లాభానికే 12.5 శాతం పన్ను. పన్ను ఆదా ఫండ్లయితే మూడేళ్లు నిండేదాకా కదపలేరు.

మూడోది మోర్గాన్ హౌసెల్ 'ది సైకాలజీ ఆఫ్ మనీ' (2020). చిన్న చిన్న అధ్యాయాలు, తెలుగులోనూ దొరుకుతుంది. మార్కెట్ పడినప్పుడు మళ్లీ చదవడానికి దాచుకోండి.

నాలుగోది పీటర్ లించ్ 'వన్ అప్ ఆన్ వాల్ స్ట్రీట్' (1989). విడి షేర్లు కొనే ఉద్దేశం ఉంటేనే. లేకపోతే మూడింటితో ఆపేయండి, మీకు తక్కువేమీ కాదు.

చాలామంది అడిగే 'రిచ్ డాడ్ పూర్ డాడ్'ను ఈ వరుసలో పెట్టలేదు. డబ్బు గురించి ఆలోచించాలన్న ఉత్సాహం ఇస్తుంది, కాదనం. కానీ రేపు పొద్దున ఏ కాగితం తీసి ఏం చూడాలో అందులో దొరకదు.

ప్రశ్న: మనకు తెలిసిన వస్తువు తయారుచేసే కంపెనీ షేరే కొనమని లించ్ అన్నాడట కదా. చిన్నప్పటి నుంచి హార్లిక్స్ తాగుతున్నాం, ఫ్యాక్టరీ మా ధవళేశ్వరంలోనే ఉంది. కొనొచ్చా?
– చిరు వ్యాపారి, రాజమహేంద్రవరం

జవాబు: లించ్ మాటలో మొదటి సగమే జనంలోకి వెళ్లింది. తెలిసిన వస్తువు దగ్గర వెతకడం మొదలుపెట్టమన్నాడు, అక్కడే కొనెయ్యమనలేదు. ఆయన వెంటనే అడిగే ప్రశ్న: ఆ వస్తువు కంపెనీ వ్యాపారంలో ఎన్నో వంతు? హార్లిక్స్ 2020లో హిందుస్థాన్ యూనిలీవర్‌లో కలిసింది. సబ్బులు, షాంపూలు, టీపొడి, బట్టల పౌడర్లు అమ్మే అంత పెద్ద కంపెనీలో హార్లిక్స్ ఒక పాయ మాత్రమే. మీ వీధిలో హార్లిక్స్ అమ్మకం రెట్టింపైనా ఆ షేరు కదలకపోవచ్చు. కొన్నిసార్లు అసలు షేరే దొరకదు. ఇంటింటా శామ్‌సంగ్ ఫోన్లున్నా శామ్‌సంగ్ ఇండియా మన ఎక్స్ఛేంజీల్లో లిస్ట్ కాలేదు.

లించ్ కంపెనీలను ఆరు రకాలుగా విడదీసిన అధ్యాయం పుస్తకానికి ఆయువుపట్టు. మెల్లగా పెరిగేవి, నిలకడగా ఉండే పెద్దవి, వేగంగా పెరిగేవి, సైక్లికల్స్ (గిరాకీని బట్టి లాభాలు ఎగసి పడేవి), దెబ్బతిని లేచేవి, దాచిన ఆస్తులున్నవి. సిమెంటు, ఉక్కు, చక్కెర కంపెనీలు సైక్లికల్స్. వీటి దగ్గరే కొత్తవాళ్లు మోసపోతారు. లాభాలు శిఖరం మీద ఉన్నప్పుడు వీటి పీఈ (షేరు ధర, షేరు లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) తక్కువగా, చవగ్గా కనిపిస్తుంది. తర్వాత ఏడాది లాభం మూడో వంతుకు పడిపోతుంది, ఐదు రెట్లున్న పీఈ చూస్తుండగానే పదిరెట్లవుతుంది, షేరు ధర మాత్రం పడిపోయి ఉంటుంది. మీరు కొందామనుకున్న ప్రతి షేరు పక్కనా ఈ ఆరింట్లో ఏదో ఒకటి పెన్సిల్‌తో రాయండి. రాయలేకపోతే ఆ కంపెనీ మీకింకా తెలియనట్టే.

ప్రశ్న: 'ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్' మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వంద పేజీల దగ్గర ఆగిపోయాను. అమెరికా బాండ్ల గోల అర్థం కావడం లేదు. నా దగ్గర సీనియర్ సిటిజన్ స్కీములో 20 లక్షలు, ఎఫ్‌డీలో 6 లక్షలు, షేర్లూ ఫండ్లూ కలిపి 10 లక్షలు ఉన్నాయి.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: మొదటి పేజీ నుంచి వరసగా చదవడమే మీకు వచ్చిన ఇబ్బంది. బెంజమిన్ గ్రాహమ్ దీన్ని 1949లో రాశాడు. ఆయన చివరిసారి సవరించిన 1973 నాటి పాఠానికి జేసన్ జ్వైగ్ ప్రతి అధ్యాయం తర్వాతా వ్యాఖ్యానం చేర్చిన కూర్పు 2003 నుంచి దొరుకుతోంది. మొత్తం 20 అధ్యాయాలు. ముందు 8వది, 20వది చదవండి. 8లో మిస్టర్ మార్కెట్ ఉంటాడు, రోజూ తలుపు తట్టి ఒక ధర చెప్పే భాగస్వామి. 20లో మార్జిన్ ఆఫ్ సేఫ్టీ, అంటే పొరపాటు జరిగినా నిలబడేంత ఎడం వదిలి కొనడం. ఈ రెండింటి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టమని వారెన్ బఫెట్ ముందుమాటలోనే రాశాడు. తర్వాత 1, 4, 5, 14. మార్పిడి బాండ్లు, వారంట్ల మీద ఉన్న 16వ అధ్యాయం వదిలేసినా నష్టం లేదు. ఒక్కో అధ్యాయానికి ముందు గ్రాహమ్, వెంటనే జ్వైగ్, ఆ తర్వాత మళ్లీ గ్రాహమ్. రెండోసారికి అడ్డంకులు తొలగిపోతాయి.

బాండ్ల గోల అన్నారు. 4వ అధ్యాయంలో 'బాండ్లు' అన్న మాట కనిపించిన ప్రతిచోటా మీ సీనియర్ సిటిజన్ స్కీమూ ఎఫ్‌డీలూ ఉన్నాయనుకుని చదవండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే ఈపీఎఫ్ (జీతంలోంచి కోసే భవిష్య నిధి), పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) అనుకోవాలి. షేర్ల వాటా 25 శాతానికి తగ్గకూడదు, 75 దాటకూడదు అంటాడు గ్రాహమ్. మీ మొత్తం 36 లక్షల్లో షేర్లు 10, అంటే 28 శాతం. గీత లోపలే ఉన్నారు. మార్కెట్ 30 శాతం పడిందనుకుందాం. పదిలో మిగిలేది 7, మొత్తం 33, వాటా 21 శాతం. మళ్లీ 25కు రావాలంటే షేర్లు 8.25 లక్షలుండాలి, ఒకటింపావు లక్ష అటు మళ్లించాలి. ఆ డబ్బు ఎఫ్‌డీ నుంచి తీయండి. సీనియర్ సిటిజన్ స్కీమును మధ్యలో మూస్తే అసలులో కోత పడుతుంది. ఈ లెక్కను ఇప్పుడే, మార్కెట్ బాగున్నప్పుడే, కాగితం మీద వేసి బీరువాలో పెట్టుకోండి. పడిన రోజున ఎవరికీ లెక్క రాదు.

14వ అధ్యాయంలో షేరు ఎంపికకు కొలతలున్నాయి. గత మూడేళ్ల సగటు లాభం మీద ధర 15 రెట్లు మించకూడదు, పుస్తక విలువకు (కంపెనీ లెక్కల్లో ఒక్కో షేరు వంతుకు వచ్చే నికర ఆస్తికి) ఒకటిన్నర రెట్లు మించకూడదు, లేదా ఈ రెండు గుణకాలను హెచ్చవేస్తే 22.5 దాటకూడదు. షేరుకు సగటు లాభం 40 రూపాయలు, పుస్తక విలువ 250 అయితే 22.5 × 40 × 250 = 2,25,000. దాని వర్గమూలం సుమారు 474. అంతకు మించి పెట్టొద్దని గ్రాహమ్ కొలత.

ఇక్కడ మూడు గుంతలున్నాయి. బోనస్ షేర్లు మొదటిది. మధ్యలో ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చిన కంపెనీకి పాత ఏళ్ల షేరు లాభాన్ని సగం చేసుకోవాలి. అది మరిచి 80, 84, 43 అని సగటు వేస్తే 69 వస్తుంది, అసలు సగటు 42 దగ్గర. 15 రెట్ల కొలతతో ధర కడితే మీరు చేసే తప్పు అరవై శాతం పైమాటే. రెండోది ఐటీ కంపెనీలు. వాటి ఆస్తి మనుషులు, యంత్రాలు కావు. పుస్తక విలువ కొలత వాటికి పనికిరాదు. మూడోది బ్యాంకులు. స్వల్పకాలిక అప్పులకు రెట్టింపు స్వల్పకాలిక ఆస్తులుండాలన్న గ్రాహమ్ షరతు వాటికి వర్తించదు. వాటి పుస్తక విలువను నమ్మేముందు మొండి బాకీలు చూడాలి, ఆ పని మీకు మాకంటే బాగా తెలుసు.

ఒక మాట. ఈ పుస్తకానికి దొంగ ముద్రణలు విపరీతం. అబిడ్స్ ఆదివారం పేవ్‌మెంట్ల మీద మంచి పాత ప్రతులూ దొరుకుతాయి, దొంగవీ దొరుకుతాయి. కొనేముందు పట్టికలున్న పేజీ తెరవండి. పేజీ అడుగున సన్నటి అక్షరాలు అలుక్కుపోయి ఉంటే తీసుకోవద్దు. అంకెలు చదవలేని గ్రాహమ్ ఎందుకూ కొరగాడు.

ప్రశ్న: లెక్కలే వండి వార్చితే మనలాంటివాళ్లం పుస్తకం చదివి పట్టుకోగలమా? సత్యంలో ఆడిటర్లకే తెలియలేదు కదా.
– కామర్స్ అధ్యాపకురాలు, హైదరాబాద్

జవాబు: అన్నీ పట్టుకోలేం. ఆ ఉదాహరణనే తీసుకుందాం, ఏది కనపడేది కాదో, ఏది కనపడిందో విడదీయడానికి మన ఊరి సత్యం కంప్యూటర్స్‌ను మించింది లేదు.

2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీటులో చూపిన నగదు 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనేలేవు. రాని వడ్డీని వచ్చేదిగా చూపింది 376 కోట్లు. ఆ త్రైమాసికంలో 649 కోట్ల నిర్వహణ లాభం చూపారు, నిజానికి ఉన్నది 61 కోట్లు. బ్యాంకు పత్రాలే నకిలీవైతే బయట కూర్చున్నవాళ్లకు కనపడే అవకాశం లేదు. వడ్డీనీ వండారు కాబట్టి, నగదుకు తగిన వడ్డీ వస్తోందా అన్న మామూలు పరీక్ష కూడా ఇక్కడ సరిగ్గా పనిచేయదు.

మరి కనపడిందేమిటి? ప్రమోటర్ల, అంటే కంపెనీ పెట్టి నడిపేవాళ్ల వాటా. 2001లో దాదాపు 25.6 శాతం ఉన్నది 2008 మార్చికి 8.74కు దిగింది. తన కంపెనీ వెలిగిపోతోందని చెప్తున్నవాళ్లు ఎందుకు తగ్గించుకుంటున్నారు? ఇది షేర్‌హోల్డింగ్ పట్టికలో ఎవరైనా చూడగలిగిందే. రెండోది 2008 డిసెంబర్ 16. సత్యం సొమ్ముతో, దాదాపు 160 కోట్ల డాలర్లకు, అదే కుటుంబానికి చెందిన మైటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించి, మదుపరులు తిరగబడితే వెంటనే వెనక్కి తీసుకున్నారు. లేఖ బయటికి వచ్చింది ఆ తర్వాత మూడు వారాలకు. ఆ మూడు వారాలూ బయటపడటానికి తలుపు తెరిచే ఉంది. అదే 2008లో ఆ కంపెనీ కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుందని మీ విద్యార్థులకు తప్పకుండా చెప్పండి. ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెడితే వెల్లడించాలన్న నిబంధనను స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తెచ్చింది ఈ ఉదంతం తర్వాతే, 2009 జనవరిలో.

దీనికి పుస్తకం హోవార్డ్ షిలిట్ 'ఫైనాన్షియల్ షెనానిగన్స్'. మొదట 1993లో వచ్చింది, 2018 నాటి నాలుగో కూర్పు తీసుకోండి. ఉదాహరణలు విదేశాలవి, ఎత్తుగడలు మాత్రం మనవే. పక్కన ఏదైనా ఒక కంపెనీ వార్షిక నివేదికలు మూడు, పక్కపక్క ఏళ్లవి. చైర్మన్ లేఖ, రంగుల ఫొటోలు ఆఖరికి పెట్టుకోండి. ఆడిటర్ నివేదికతో మొదలుపెట్టి, అందులో 'కీ ఆడిట్ మ్యాటర్స్' చదవండి, ఆడిటర్‌కు ఎక్కడ ఎక్కువ శ్రమ పడాల్సివచ్చిందో అక్కడ ఉంటుంది. తర్వాత క్యాష్ ఫ్లో. ఆ మూడేళ్ల నికర లాభం కూడండి, ఆ మూడేళ్ల నిర్వహణ నగదు (వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన డబ్బు) కూడండి. లాభం 900 కోట్లుండి నగదు 300 కోట్లే ఉంటే మిగతా 600 ఏ పద్దులో ఇరుక్కుందో నోట్సులో వెతకాలి.

ఎక్కువసార్లు అది దొరికేది రావలసిన బాకీల్లో. అమ్మకాలు 800 కోట్ల నుంచి 1,000 కోట్లకు పెరిగాయి, బాకీలు 120 నుంచి 260కి. బాకీని అమ్మకంతో భాగించి 365తో హెచ్చవేయండి. 55 రోజులున్నది 95 రోజులైంది. పాతిక శాతం పెరుగుదలలో కొంత, ఏడాది చివర సరుకు డీలర్ల గోడౌన్లకు తోసి రాసిన అమ్మకం కావచ్చు. 2021 ఏప్రిల్ నుంచి ఈ బాకీలు ఎన్ని నెలల నాటివో విడదీసి చూపాలని నియమం ఉంది. రెండేళ్లు, మూడేళ్లు దాటిన గడులు బరువెక్కుతుంటే, నష్టానికి కేటాయింపు మాత్రం పెరగకపోతే, ముందు ముందు దెబ్బ తగిలే చోటు అదే. చివరగా రిలేటెడ్ పార్టీల పట్టిక. ప్రమోటర్ బంధువుల కంపెనీలకు అప్పులు, అడ్వాన్సులు, అద్దెలు. మూడేళ్ల పట్టికలు పక్కపక్కన పెడితే కథ దానంతటదే చెప్తుంది.

ఈ పని ఒక కంపెనీకి మొదటిసారి ఎనిమిది గంటలు పడుతుంది, ఐదో కంపెనీకి మూడు గంటలు. పుస్తకం అధ్యాయం, నివేదిక భాగం మార్చి మార్చి చదివించండి. పాఠం అయ్యాక ప్రాక్టికల్స్ అని పెట్టొద్దు.

ప్రశ్న: నాకు ఇంగ్లీషు రాదు. నెలకు మూడు వేలు మిగులుతున్నాయి. ఇప్పటిదాకా చిట్టీ తప్ప తెలియదు. తెలుగులో ఏముంది?
– గృహిణి, వరంగల్

జవాబు: అమ్మా, మీకు మొదటి పుస్తకం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. సెబీ మదుపరుల వెబ్‌సైట్‌లో ఆర్థిక విద్య పుస్తకం తెలుగులో ఉంది. బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి బీమా, మ్యూచువల్ ఫండ్లు, పొంజీ మోసాలు (కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్లకు చెల్లించేవి), ఫిర్యాదు చేసే పద్ధతి దాకా ఉంటాయి. ముందు మోసాల అధ్యాయం చదవండి. ఆ తర్వాత హౌసెల్ తెలుగు అనువాదం.

చిట్టీ ఆపమని అనం. దాని పాసు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక లెక్క వేయండి: ఇప్పటిదాకా కట్టిందెంత, పాట పాడితే చేతికొచ్చేదెంత, కంపెనీ కమిషన్ ఎంత. చిట్టీ రిజిస్టర్ అయిందో లేదో చిట్ రిజిస్ట్రార్ ఇచ్చిన నంబరుతో సరిచూసుకోండి, నంబరు చూపించలేనివాళ్ల దగ్గర కొత్తది వేయొద్దు. మూడు వేలలో రెండు వేలు పీపీఎఫ్‌లో, వెయ్యి నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో మొదలుపెట్టడానికి ఇంతకంటే చదువు అక్కర్లేదు. అయితే పీపీఎఫ్ 15 ఏళ్లది, ఫండు డబ్బు ఏడేళ్లు ముట్టుకోకూడనిది. పిల్లల ఫీజుల డబ్బు ఈ రెండింట్లోనూ పెట్టొద్దు.

ప్రశ్న: మూడు లక్షలున్నాయి. ఆప్షన్స్ నేర్చుకోవడానికి మంచి పుస్తకం చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: నేర్చుకోవడానికైతే సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం వాళ్ల ఈక్విటీ డెరివేటివ్స్ వర్క్‌బుక్ చదవండి. ఆ మూడు లక్షలు మాత్రం బయటే ఉంచండి. 2024 సెప్టెంబర్‌లో సెబీ వెల్లడించిన అధ్యయనంలో, మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. కలిపి 1.8 లక్షల కోట్లు. బ్రోకరేజీ, పన్నుల లాంటి ఖర్చులకే 2023-24లో ఒక్కొక్కరికి సగటున 26 వేలు పోయింది. ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచాక, మూడు లక్షల చేతికి ఒక్క లాటు కూడా బరువే. పుస్తకం లోటు వల్ల పోయిన డబ్బు కాదిది, మరో పుస్తకం దాన్ని ఆపదు.

ప్రశ్న: అమెరికా వచ్చి నాలుగేళ్లైంది. ఇక్కడ 401కె ఉంది, ఇండియాలో పాత సిప్‌లు నడుస్తున్నాయి. ఏ దేశపు పుస్తకాలు చదవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

జవాబు: మీరున్న దేశపువే. బోగుల్ పుస్తకం, దానికి తోడు 'ది బోగుల్‌హెడ్స్ గైడ్ టు ఇన్వెస్టింగ్' (2006). మా జాబితాలో అమెరికా పుస్తకాలను మార్చుకోకుండా వాడుకోగలిగింది మీరే. పక్కన మీ 401కె (ఉద్యోగం ద్వారా నడిచే పదవీ విరమణ పొదుపు) ఫండ్ల జాబితా పెట్టుకుని, ఖర్చు శాతం తక్కువగా ఉన్న ఇండెక్స్ ఫండ్ ఏదో గుర్తించండి. కంపెనీ జతచేసే వాటా పూర్తిగా అందేదాకా మీ వంతు పెంచండి.

పాత సిప్‌ల విషయం ఏ పుస్తకం కంటే ముందు తేల్చుకోవాలి. భారతీయ మ్యూచువల్ ఫండ్లను అమెరికా పన్ను శాఖ పీఎఫ్ఐసీగా, అంటే ప్రత్యేక పన్ను పద్ధతి ఉన్న విదేశీ పెట్టుబడి సంస్థగా చూస్తుంది. ఒక్కో ఫండ్‌కు విడిగా ఫారం 8621 అవసరం పడొచ్చు, మామూలు పద్ధతిలో లాభం మీద గరిష్ఠ రేటూ పైన వడ్డీ కూడా పడతాయి. నెలనెలా పడే సిప్ అయితే ఒక్కో వాయిదాకూ లెక్క వేరు. అందుకే ముందు సిప్ ఆపండి, అమ్మడం మాత్రం రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంట్‌తో మాట్లాడాకే. నేరుగా కొన్న మామూలు కంపెనీ షేర్లకు సాధారణంగా ఈ చిక్కు ఉండదు. ఇండియాలోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాలను వెల్లడించే ఫారం) వేయాలి. పాత సేవింగ్స్ ఖాతా ఇంకా ఎన్ఆర్ఓగా (ప్రవాసుల ఖాతాగా) మార్చకపోతే మార్చండి. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా కొనసాగించవచ్చు, కొత్తది తెరవలేరు. అకౌంటెంట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ నాలుగేళ్ల కాస్ స్టేట్‌మెంట్లూ, ప్రతి సిప్ తేదీ, ఆనాటి ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ ధర), ఆనాటి డాలర్ రేటు ఒకే పట్టికలో రాసి తీసుకెళ్లండి. ఆయన ముందుగా అడిగేది అదే.